ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? ముందు క్యాలెండర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పెద్ద నగరానికి మారి కొన్ని నెలలైంది. ఇంట్లో తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో ఎక్కువ నడవలేని అత్తగారు ఉన్నారు. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా అవే పది పేర్లు. తీరా వెళ్తే జనం, క్యూలు, ఇల్లు చేరేసరికి అందరికీ చిరాకు. దాంతో ఆదివారం వస్తే మాల్‌కే పోతున్నారు. అందరికీ సరిపడే చోట్లు ఎలా వెతకాలి, వార్షిక పాస్‌లు తీసుకుంటే గిట్టుబాటు అవుతుందా అని అడిగారు.

నేను చాలాకాలం ఒక మ్యూజియంలో పిల్లల కార్యక్రమాలు చూసుకున్నాను. కౌంటర్ దగ్గర నిలబడితే ఒక విషయం బాగా తెలుస్తుంది. తలుపులు తెరిచిన వేళకు వచ్చిన కుటుంబం నవ్వుతూ తిరుగుతుంది. అదే భవనానికి, అదే టికెట్ కొనుక్కుని మిట్టమధ్యాహ్నం వచ్చిన కుటుంబం గంటలోపే పిల్లల మీద అరుస్తుంటుంది. చోటు మారలేదు, వేళ మారింది. అందుకే ‘ఎక్కడికి’ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమంటాను. పెద్ద నగరంలో చోట్లకు కరువేమీ ఉండదు. మీకు కావలసింది ఏ రోజు, ఏ వేళకు, ఎంతసేపు అన్న లెక్క.

ముందు వెతకడం సంగతి. ‘పిల్లలతో తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు’ లాంటి జాబితాల్లో చాలావాటిని ఇంకో జాబితా చూసి తయారు చేస్తారు. రాసినవాళ్లు అక్కడికి వెళ్లి ఉండాలని లేదు. పైగా ఆ జాబితాల్లో ఏడాది పొడుగునా కదలకుండా ఉండేవే ఉంటాయి: జూ, అక్వేరియం, వాటర్ పార్క్. లైబ్రరీలో శనివారం కథలు చెప్పే గంట, యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంవాళ్లు తమ తోటలో నడిపించే నడక, ఖగోళ క్లబ్ టెలిస్కోప్ పెట్టే రాత్రి, సంగీత బృందం రిహార్సల్‌కు జనాన్ని రానిచ్చే ఉదయం, ఫైర్ స్టేషన్‌వాళ్లు పిల్లల్ని బండి ఎక్కించే రోజు, ఇవేవీ ఆ జాబితాల్లోకి ఎక్కవు. రేపటితో అయిపోయేదాన్ని ఎవరూ జాబితాలో రాసుకోరు కదా. కానీ పిల్లలకు గుర్తుండిపోయేవి ఎక్కువగా ఇవే, ఖర్చు తక్కువయ్యేవీ ఇవే.

కాబట్టి ప్రదేశాలను కాదు, నిర్వాహకులను వెతకండి. ఒక సాయంత్రం పిల్లలు పడుకున్నాక మ్యాప్ తెరిచి, మీ ఇంటి నుంచి ముప్పావు గంటలో చేరగలిగే మేరను చూడండి. అందులో ఉన్న లైబ్రరీలు, మ్యూజియంలు, యూనివర్సిటీలు, నాటకశాలలు, ప్లానిటేరియం, పార్కులు చూసే విభాగం, పక్షులను చూసే బృందాలు, ఒక్కోటీ రాసుకోండి. శాటిలైట్ వ్యూ పెడితే పేరు వినని పచ్చటి ముక్కలు కూడా బయటపడతాయి. జనమే కలిసి తయారు చేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆటస్థలాలు, మంచినీళ్ల కుళాయిలు, టాయిలెట్లు విడివిడిగా గుర్తించి ఉంటాయి కాబట్టి అది కూడా ఓసారి చూడండి. తర్వాత ఈ సంస్థల న్యూస్‌లెటర్‌కో, సోషల్ మీడియా పేజీకో నేరుగా చేరిపోండి. వచ్చిన కార్యక్రమాలు మీరిద్దరూ చూడగలిగే ఒకే ఫోన్ క్యాలెండర్‌లో పడాలి. మొదటి నెల కాస్త విసుగ్గా ఉంటుంది. రెండో నెల నుంచి ‘ఈ ఆదివారం ఏం చేద్దాం’ అన్న చర్చ శనివారం రాత్రి పదింటికి మొదలవ్వదు.

లోపలి మాట ఒకటి చెప్తాను. పిల్లల వర్క్‌షాప్‌లలో సీట్లు నిండిపోయాయని కనిపించినా ఆశ వదులుకోకండి. ఫ్రీగా బుక్ చేసుకున్నవాళ్లలో కొందరు ఎప్పుడూ రారు. ఆ రోజు ఉదయం ఫోన్ చేసి, ఎవరైనా రాకపోతే మాకు ఇస్తారా అని మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఖాళీ కుర్చీలతో కార్యక్రమం నడపడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఏడాదిలో కొన్ని తేదీలు మాత్రం ముందే గుర్తు పెట్టుకోండి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977 నుంచి జరుగుతోంది. ఆ రోజు, ఆ వారం చాలా దేశాల్లో మ్యూజియంలు ప్రత్యేక కార్యక్రమాలు పెడతాయి. మామూలుగా జనాన్ని రానివ్వని భవనాలను ఏడాదికోసారి తెరిచే పద్ధతి కూడా చాలా నగరాల్లో ఉంది. ఫ్రాన్స్‌లో 1984లో మొదలైంది, లండన్‌లో ‘ఓపెన్ హౌస్’ పేరుతో 1992 నుంచి నడుస్తోంది. రెండూ సెప్టెంబర్‌లోనే వస్తాయి. ఆ తర్వాత ఎన్నో నగరాలు అందుకున్నాయి. పాత పంపింగ్ స్టేషన్, శాసనసభ భవనం లాంటివి పిల్లలకు జూ కంటే తక్కువేం కాదు. ఎందుకంటే అక్కడ చూపించేవాళ్లు అందులో పనిచేసేవాళ్లే, పిల్లలు అడిగితే ఓపిగ్గా చెప్తారు. కొలంబియా రాజధాని బొగోటాలో ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను కార్లకు మూసేసి సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదిలేస్తారు. 1974లో మొదలైన ఆ ఏర్పాటును చూసి చాలా నగరాలు ఏదో ఒక వీధిని అలా వదలడం నేర్చుకున్నాయి. మీ నగరంలో అలాంటి రోడ్డు ఉందేమో కనుక్కోండి. నాలుగేళ్ల పిల్లాడికి రోడ్డు మధ్యలో నడవడమే పెద్ద పండగ.

‘ఉచిత ప్రవేశం’ రోజుల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. నెలకోసారి ఫ్రీ అని బోర్డు పెట్టే చోట ఆ రోజు రద్దీ ఎక్కువ. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబం ఆ ఒక్క రోజూ వెళ్లకపోవడమే నయం. టికెట్ భారం అనుకుంటే సాయంత్రం చివరి గంటలకు ధర తగ్గించే చోట్లు వెతకండి. ఎప్పుడూ ఉచితంగా ఉండే చోట్లయితే మరీ మంచిది. అరగంట చూసి బయటికి వచ్చేసినా డబ్బులు పోయాయన్న బాధ ఉండదు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంల్లోనూ, లండన్‌లోని జాతీయ మ్యూజియంల్లోనూ ఆ ఊరి తల్లిదండ్రులు అలాగే చేస్తారు. ఒక డైనోసార్‌ని చూసి ఇంటికి.

ఇక ఎంతసేపు అన్నది. మ్యూజియంలో వచ్చే అలసట మామూలు అలసట కాదు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే దీని గురించి రాశాడు. వంగి, మెడ చాచి, మోకాళ్లు మడిచి వస్తువులు చూస్తున్న మనిషిని ఫోటోలు తీసి మరీ చూపించాడు. అది పెద్దవాడి పాట్లు. అద్దాల పెట్టె అంచు ముక్కు దాకా వచ్చే నాలుగేళ్ల పిల్లాడి సంగతి వేరే చెప్పాలా? మీ బాబుతో లోపల గంట, గంటంబావు చాలు. ఆ గంటలో ఒక్క గది ఎంచుకోండి. మిగతావి ఇంకో రోజు. ‘ఇంత దూరం వచ్చాం కదా, అన్నీ చూసేద్దాం’ అన్న మాటే చాలా ఆదివారాలను పాడుచేసింది. దూరం ఎక్కువైతేనే ఆ మాట నోటికొస్తుంది. కాబట్టి అక్కడ గడిపే సమయంలో సగానికి మించి ప్రయాణం ఉండకుండా చూసుకోండి. రెండు గంటల ప్రయాణంతో వెళ్లే చోట్లను సెలవుల్లో రోజంతా పెట్టుకోవచ్చు.

జూకి కూడా ఇదే సూత్రం. సింహాలు రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువులు. మధ్యాహ్నం వెళ్లి, బోను మూలన కనిపించే తోక చూసి రావడం కన్నా గేటు తెరిచే వేళకు వెళ్లండి. చల్లటి పూట చాలా జంతువులు కాస్త అటూ ఇటూ తిరుగుతాయి. మేత వేసే వేళలు గేటు దగ్గరో, వెబ్‌సైట్‌లోనో ఉంటాయి. ముందు అవి చూసి, వాటి చుట్టూ దారి వేసుకోండి. ఎండ సంగతి ఫోన్‌లోని వాతావరణ యాప్ చెప్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచీ 3 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే టోపీ, నీడ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఉదయం పది, పదిన్నరకు తిరుగు ప్రయాణం మొదలుపెట్టేస్తే టెన్షనే లేదు. అలా తెల్లవారే లేవడం మా వల్ల కాదంటారా? అయితే సాయంత్రాలకు మారిపోండి. మధ్యాహ్నాన్ని మాత్రం వదిలేయండి.

రాత్రి కార్యక్రమాల్లో నేను అందరికీ చెప్పేది టెలిస్కోప్ రాత్రి. చాలా నగరాల్లో ఔత్సాహిక ఖగోళ బృందాలు పార్కుల్లో టెలిస్కోప్‌లు పెట్టి దారినపోయేవాళ్లకు కూడా చూపిస్తాయి. అందరూ పౌర్ణమికి వెళ్లాలనుకుంటారు. నిజానికి చంద్రుణ్ణి చూడటానికి పౌర్ణమి అంత మంచిది కాదు. వెలుగు నేరుగా పడి అంతా చదునుగా కనిపిస్తుంది. శుక్లపక్షం సప్తమి, అష్టమి రోజుల్లో వెళ్లండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల నీడలు పొడుగ్గా పడి, కొండలు లేచి నిలబడ్డట్టు ఉంటాయి. పైగా అర్ధచంద్రుడు పొద్దుగూకేసరికే నడినెత్తి ప్రాంతంలో ఉంటాడు, పిల్లలు నిద్రకు ఆగక్కర్లేదు. బాబుకు కంటిని లెన్స్ దగ్గర కుదురుగా ఆనించడం కష్టం కావచ్చు, బలవంతం చేయకండి. పాప మాత్రం శనిగ్రహం వలయం ఒక్కసారి చూస్తే మీ దగ్గర మళ్లీ మళ్లీ ఆ మాటే ఎత్తుతుంది.

నాలుగేళ్లకీ తొమ్మిదేళ్లకీ ఒకే చోటు నచ్చడం మీ అసలు చిక్కు. దీనికి రెండు దారులు. ఒకటి, చేత్తో ముట్టుకునే చోట్లు. పిల్లల కోసమే పెట్టిన మొదటి మ్యూజియం 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదలైంది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ‘ఎక్స్‌ప్లొరేటోరియం’ తెరిచాడు. అణుబాంబు తయారీలో పేరు పడ్డ రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు, తనూ భౌతిక శాస్త్రవేత్తే. తాకి, తిప్పి, లాగి చూసే సైన్స్ కేంద్రాలు ప్రపంచమంతా పెరగడంలో దాని ప్రభావం చాలా ఉంది. ఒకే నీళ్ల తొట్టి దగ్గర బాబు నీళ్లు చిమ్ముతాడు, పాప ఆనకట్ట కడుతుంది. ఇద్దరికీ వేర్వేరు ఆటలు, మీకు కూర్చోవడానికి ఒకే బెంచీ. సైన్స్ కేంద్రాలు ఎంచుకునేటప్పుడు ‘ఎన్ని ఎగ్జిబిట్లు’ అని చూడకండి. ఎన్ని పనిచేస్తున్నాయో చూడండి. ‘మరమ్మతులో ఉంది’ అన్న కాగితాలు ఎక్కువ అంటించిన చోటు ఎంత పెద్దదైనా దండగ.

రెండో దారి, విడిపోవడం. ఒకరు పాపతో, ఒకరు బాబుతో, గంట తర్వాత ఫలానా చోట కలుద్దామని. కుటుంబంతో వెళ్లాం కాబట్టి ప్రతి నిమిషం అందరూ కలిసే ఉండాలనే రూలేమీ లేదు. బాబుకు ఇసుక, నీళ్లు, మెట్లు, కట్టెముక్కలు చాలు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ అనే తోటల రూపశిల్పి, కట్టిన ఆటస్థలాల కన్నా పాత సామాన్లు, కట్టడాల దగ్గర పడేసిన చెత్తతోనే పిల్లలు ఎక్కువ ఆడుకుంటున్నారని గమనించాడు. 1943లో ఆ ఊళ్లోని ఎమ్‌డ్రప్‌లో అలాంటి సామానుతోనే ఆటస్థలం తెరిచారు. మెత్తటి దిమ్మెలు పరిచిన ‘సాఫ్ట్ ప్లే’ గదులకు ఖరీదైన టికెట్ కొనేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోవచ్చు. మెట్రో కూడా ఔటింగే. పారిస్ 14వ లైన్, కోపెన్‌హాగన్, దుబాయ్ లాంటి డ్రైవర్ లేని మెట్రోల్లో ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగమో, పట్టాలో ఎదురొస్తుంటాయి. అలాంటిది లేకపోయినా చివరి స్టేషన్ దాకా వెళ్లి, దిగి, మళ్లీ ఎక్కి రావడం ఆ వయసుకు పూర్తి కార్యక్రమమే.

పాప విషయంలో ఒక సలహా. నెలకోసారి ఎక్కడికి వెళ్లాలో తననే తేల్చమనండి. దూరం, ఖర్చు, తెరిచి ఉండే వేళలు కూడా తనే కనుక్కోవాలి. ఆ వయసు పిల్లలకు వేట లాంటివి బాగా పడతాయి. జియోకాషింగ్ అని ఒక ఆట ఉంది, ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకోవాలి. జీపీఎస్ సిగ్నల్‌ను కావాలని మసకబార్చడం అమెరికా 2000 మేలో ఆపేసింది. రోజుల్లోనే ఒకాయన అడవిలో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెట్టాడు. ఇప్పుడు అలాంటి డబ్బాలు ప్రపంచమంతా లక్షల్లో ఉన్నాయి, పెద్ద నగరాల్లో అయితే వంతెనల కింద, పార్కు బెంచీల వెనక. పిట్టల అరుపు విని పేరు చెప్పే ‘మెర్లిన్’ యాప్ కూడా ఉచితమే. దీన్ని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధన కేంద్రం చేసింది. ఇవి ఉంటే రోజూ పోయే పార్కు కూడా కొత్తగా ఉంటుంది.

అత్తగారి గురించి ఇంకాస్త ఎక్కువ ఆలోచించాలి. ఆవిడ ‘నేను ఇక్కడే కూర్చుంటాలే, మీరు వెళ్లి రండి’ అన్నారంటే ఆ చోటు కుటుంబానికి తగింది కాదన్నమాట. పెద్ద మ్యూజియంలు, జూలు, విమానాశ్రయాల్లాగే చాలావరకు చక్రాల కుర్చీలు ఇస్తాయి, ముందురోజు ఫోన్ చేసి చెప్తే గేటు దగ్గరే ఉంచుతారు. కుర్చీ అంటే ఆవిడకు నామోషీగా ఉండొచ్చు. ‘మీ కోసం కాదత్తయ్యా, బాబు అలిసిపోతే మీ ఒళ్లో కూర్చోపెట్టుకోవడానికి’ అని చూడండి, చాలామంది అత్తగార్లు ఇలాగే ఒప్పుకోవడం చూశాను. చోటు ఎంచుకునేటప్పుడు నాలుగు సంగతులు: బెంచీలు ఎంత దూరంలో ఒకటి ఉన్నాయి, లిఫ్ట్ పనిచేస్తోందా, టాయిలెట్ ఏ అంతస్తులో ఉంది, బండి దింపే చోటు నుంచి గేటుకు నడక ఎంత. పడవ, ట్రామ్, తోటలో తిరిగే చిన్న రైలు లాంటివి ఆవిడ కూర్చుని, పిల్లలు కదులుతూ గడిపేవి. బొమ్మలాట, సర్కస్ కూడా అంతే. తనకు తెలిసిన విషయం ఉన్న చోటు కూడా చూడండి. పాత పనిముట్లు, చేనేత, తోటపని, అలాంటి ప్రదర్శనల్లో గైడ్ కన్నా బాగా ఆవిడే పిల్లలకు చెప్పగలరు.

పోస్టర్ మీద ‘ఫ్యామిలీ ఫ్రెండ్లీ’ అని రాసి ఉంటే దానికి విలువ ఇవ్వకండి, ఎవరైనా రాసుకోవచ్చు. ఫోన్ చేసి, నాలుగేళ్లవాడికి అందులో పని ఏముంటుంది, చూస్తూ కూర్చోవాలా అని అడగండి. మధ్యలో బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావచ్చా? శబ్దం ఎంత? చాలా నాటకశాలలు, సినిమా హాళ్లు, మ్యూజియంలు లైట్లు పూర్తిగా ఆర్పకుండా, శబ్దం తగ్గించి, పిల్లలు లేచి తిరిగినా ఏమీ అనని ప్రత్యేక వేళలు పెడుతున్నాయి. ఆటిజం ఉన్న పిల్లల కోసం మొదలైనవే అయినా చిన్నపిల్లలున్నవాళ్లకూ అవి హాయి. రివ్యూల్లో నక్షత్రాలను వదిలేయండి. కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, అందులో ‘టాయిలెట్’, ‘నీడ’, ‘పార్కింగ్’, ‘స్ట్రోలర్’ అని వెతకండి. అధికారిక ఫోటోల కన్నా జనం పెట్టిన ఫోటోలు నిజం చెప్తాయి.

మాల్‌ని మరీ తిట్టుకోకండి. వర్షం కురిసే రోజున లిఫ్టులు, టాయిలెట్లు, చల్లటి గాలి ఉన్న చోటు అదే. కాకపోతే అక్కడి ట్రాంపొలీన్‌ల విషయంలో జాగ్రత్త. ఆరేళ్లలోపు పిల్లలను అవి ఎక్కించవద్దని అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం చెప్తోంది. ఎక్కువ దెబ్బలు ఒకేదాని మీద ఇద్దరు ముగ్గురు ఎగిరినప్పుడు తగులుతాయి, అందులోనూ చిన్నవాడికే. మీ బాబు ఆగాలి, పాప ఎక్కితే ఒక్కతే ఎక్కాలి.

రద్దీ చోట్లకు వెళ్లేరోజు ఇంటి గుమ్మం దగ్గరే పిల్లలిద్దరినీ ఆ బట్టల్లో ఒక ఫోటో తీయండి. తప్పిపోతే ఏం రంగు చొక్కా అన్నది ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాదు. ఫోన్ నంబర్ బాబు చేతికి బ్యాండ్ కట్టి రాయండి, పేరు మాత్రం బయటికి కనిపించేలా రాయొద్దు. తప్పిపోతే గేటు దాటకుండా, యూనిఫాం వేసుకున్నవాళ్లనో పిల్లలతో ఉన్న అమ్మనో అడగాలని చెప్పండి.

చివరగా పాస్‌ల సంగతి. పాస్ ధరను మీ కుటుంబం ఒక్కసారి వెళ్తే అయ్యే టికెట్ల ధరతో భాగించండి. మూడు, నాలుగు సార్లకు గిట్టుబాటు అయ్యి, ఆ చోటు అరగంట దూరంలో ఉంటే తీసుకోవచ్చు. గంట దూరం అయితే ధర ఎంత తగ్గినా వద్దు, మూడోసారి నుంచి వెళ్లరు. అందులో పెద్దవాళ్లు ఎందరో, అత్తగారు కూడా వస్తారో లేదో, నాలుగేళ్లలోపు పిల్లలకు టికెట్ అసలు ఉందో లేదో చూడండి, చాలాచోట్ల ఉండదు. కొన్ని సైన్స్ కేంద్రాల పాస్ వేరే ఊళ్లలోని కేంద్రాల్లోనూ చెల్లుతుంది, ఊళ్లు తిరిగే కుటుంబానికి లాభం. సంతకం పెట్టేముందు ఈ ఏడాది మరమ్మతులకు మూసే రోజులు ఏవైనా ఉన్నాయా అని అడగండి. తొందరేం లేదు, ముందు ఒకసారి మామూలు టికెట్‌తో వెళ్లి రండి. చాలా సంస్థలు అదే రోజు అడిగితే ఆ టికెట్ డబ్బులు పాస్‌లో తగ్గిస్తాయి, బయటికి వచ్చేముందు కౌంటర్‌లో కనుక్కోండి.